పదిహేడు గంటల దారి

"అమెరికా ఎంత దూరమే అమ్మాయ్?" అని అడిగారు నరసరావుపేటలో మా పక్కింటి పిన్నిగారు. కూతురు పురుటికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాలి ఆవిడ. "పధ్నాలుగు వేల కిలోమీటర్లండీ" అన్నాను. "అది కాదే, ఎప్పటికి చేరతానూ అని!" అన్నారు.

నిజమే, మైళ్లు ఎవరిక్కావాలి? 1970లలో మా వీధిలో తండ్రి పోయాడని టెలిగ్రాం అందుకుని అమెరికా నుంచి బయలుదేరిన కొడుకు, పదోరోజుకు గాని ఇల్లు చేరలేదు. భూమి అప్పుడూ ఇంతే కదా!

అంతకుముందు బొంబాయి నుంచి లండన్‌కు ఓడలో వారాలు పట్టేది. 1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి 'మలబార్ ప్రిన్సెస్' 35 మంది ప్రయాణికులతో బొంబాయిలో లేచి, కైరోలో, జెనీవాలో దిగుతూ లండన్ వెళ్లింది. 1960 మే 14న న్యూయార్కు సర్వీసు మొదలైంది, అదీ లండన్ మీదుగానే. ఒక్క ఊపులో అంత దూరం పోవాలంటే ఇంధనం చాలొద్దూ!

ఆ ఒక్క ఊపు 2021 జనవరిలో చూశాం. 9వ తేదీ శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిరిండియా బోయింగ్ 777 విమానం ఎక్కడా దిగకుండా, సోమవారం తెల్లవారుజామున మూడు దాటాక బెంగుళూరులో వాలింది. కాక్‌పిట్‌లో నలుగురూ ఆడవాళ్లే: కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరె, శివానీ మన్హాస్. ఉత్తరధ్రువం మీదుగా వచ్చారు. అక్కడ దిక్సూచి నిలకడగా ఉండదు, చలికి ఇంధనం గడ్డకట్టకుండా కనిపెట్టుకుని ఉండాలి.

ఉత్తరానికి ఎందుకు పోవడం అంటారా? గుమ్మడికాయ మీద ఎదురెదురు పక్కల రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి చూడండి. నడుము చుట్టూ తిప్పితే ఎక్కువ దారం పడుతుంది, తొడిమ పక్కనుంచి లాగితే తక్కువలో సరిపోతుంది. పటంలో అడ్డంగా కనిపించే దారి మనల్ని మోసం చేస్తుంది.

శనివారం ఎక్కి సోమవారం దిగారు గదా, అయితే ఎగిరింది మాత్రం సుమారు 17 గంటలే. అక్కడి గడియారం మనకంటే చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. అందుకే మనం ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకు లేచి 16 గంటలు ఎగిరినా, అక్కడ అదేరోజు సాయంత్రం అయిదే అవుతుంది. ఒంటికి మాత్రం ఈ లెక్క తెలియదు, వారం రోజులు వేళకాని వేళ నిద్ర!

అదే నెల 15న హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా విమానం వేశారు. మనవాళ్లెంతో సంబరపడ్డారు. అది నిలవలేదు.

ఇదంతా విని పిన్నిగారు కాయం డబ్బా మూత బిగిస్తూ, "పదిహేడు గంటలంటే ఆకాశంలో మాటేగా. పేట నుంచి శంషాబాదుకు అయిదారు గంటలు, అక్కడ మూడు గంటల ముందుండాలి, నేరుగా పోయేది దొరక్కపోతే మధ్యలో మరో ఊళ్లో పడిగాపులు..." అని వేళ్లు మడిచారు. ఒకటిన్నర రోజు తేలింది.

"అయితే నెల ముందే పోతా" అన్నారు.