ఇంటి పెట్టెలోని సాక్ష్యము



బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్న దినములలో యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. ఆ క్రయపత్రములు బహుదినములు నిలుచునట్లు మంటికుండలో దాచుమని బారూకునకు చెప్పెను (యిర్మీయా 32). దేశమే చేయిజారుచున్న వేళ ఒక కుటుంబపు కాగితమును కాపాడుట విశ్వాసక్రియ కాదా?

మన కడపలో లండను మిషను వారి పని 1822లో ఆరంభమాయెను. జమ్మలమడుగులోని కాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషను వైద్యుని పేరును నేటికిని ధరించియున్నది. ఆ దొరలు వ్రాసిన ఉత్తరములు, నివేదికలు లండను విశ్వవిద్యాలయపు గ్రంథాలయమొకదానిలో భద్రముగా నున్నవి. అయితే వారితో పల్లెపల్లె నడచిన ఉపదేశి, గాయములకు కట్టుకట్టిన నర్సు, ఇంటింట వాక్యము చెప్పిన బైబిలు స్త్రీ, వీరి చరిత్ర ఎక్కడ నున్నది? ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఒక మనుమని యింట, అటకమీది ట్రంకుపెట్టెలో నున్నది. దానిని చెదలు తినినయెడల లండనులో నకలు దొరకదు.

పెట్టె యొకటే చాలదు. పేరులేని ఫొటోకు నోరులేదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిననాడు పదేండ్ల పిల్లలైనవారు నేడు ఎనుబది దాటిరి. ఆ ముఖములను గుర్తుపట్టగలవారు వారే.

కావున పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడి. ఫొటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడి. సిరాతో వ్రాసిన అది ముందువైపునకు ఊరును. జిగురుతో అంటింపకుడి, ప్లాస్టికు పూత వేయింపకుడి. తడి చేరని చోట నేలకు ఎత్తుగా ఉంచుడి. కుటుంబ బైబిలులో వ్రాసిన జనన, బాప్తిస్మ, వివాహ తేదీలను సంఘపు రిజిస్టరుతో సరిచూడుడి. అన్నిటిని ఫోనుతో ఫొటో తీసి పొరుగూళ్లలోని పిల్లలకు పంపుడి. ఒక చోట పోయినను మరియొక చోట మిగులును.

‘ఫలానివారి భార్య’ అని వ్రాసి ఊరకుండకుడి. మత్తయి వంశావళిలో తామారు, రాహాబు, రూతు పేర్లున్నవి గదా! తాత జీతగాడనియు, అవ్వ కూలికి పోయెననియు వ్రాయుటకు సిగ్గుపడకుడి. వారు మోసిన బరువు తెలియనిదే వారి విశ్వాసపు విలువ మనకు తెలియదు.

చెరనుండి తిరిగివచ్చిన కొందరు తమ వంశావళి పత్రమును వెదకియు కనుగొనలేక యాజకత్వమునకు దూరమైరి (ఎజ్రా 2:62). మన రక్షణకు వంశావళి ఆధారము కాదు, నిజమే. అయినను దేవుడు మన యింట చేసిన మేలులను మన పిల్లలు వెదకునప్పుడు వారికి ఏమియు దొరకకపోవుట తగునా? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆ పెట్టెను క్రిందికి దింపుడి.