బెలేంలో మిగిలిన జానపద కళల మ్యూజియం

లిస్బన్‌లో టాగస్ నది ఒడ్డున, బెలేం ప్రాంతంలో 1948లో తెరిచిన జానపద కళల మ్యూజియాన్ని పోర్చుగల్ పల్లెల చరిత్ర అనుకుంటే పొరపాటే. పల్లె గురించి సలాజార్ నియంతృత్వం అల్లిన కథ అది. ఆ భవనం పుట్టిందే 1940లో ప్రభుత్వం ఆర్భాటంగా జరిపిన పోర్చుగీసు ప్రపంచ ప్రదర్శన కోసం. వాస్తుశిల్పి జోర్జ్ సెగురాడో దాన్ని మ్యూజియంగా మలిచాడు. వెనకున్న ఆలోచన ఆంటోనియో ఫెర్రోది. ఫెర్రో పల్లెలను అధ్యయనం చేసిన పండితుడు కాడు. పాత్రికేయుడు, 1933 నుంచి ప్రచార శాఖ అధిపతి. 1935లో జెనీవాలో జానపద కళల ప్రదర్శన పెట్టించాడు. 1938లో పోర్చుగల్‌కెల్లా అచ్చమైన పోర్చుగీసు పల్లె ఏదో తేల్చే పోటీ నడిపించాడు. పెనుబండల నడుమ ఉన్న మోన్సాంటోకు వెండి కోడిపుంజు బహుమతిగా దక్కింది.

మ్యూజియం గదులూ ఆ పోటీ చూపుతోనే అమరాయి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో గది, గోడల నిండా కార్లోస్ బొటెల్యు, టామ్ వంటి ఆధునిక చిత్రకారుల బొమ్మలు, వాటి ముందు కుండలు, బుట్టలు, నేతబట్టలు. ఉత్తరాదిన మిన్యు ప్రాంతపు రైతులు పువ్వులు, చుక్కలు చెక్కించుకున్న ఎద్దుల కాడినే తీసుకోండి. గోడకెక్కితే అది అలంకారం. ఆ కాడి కట్టినవాడు దున్నింది సొంత నేలనా, కౌలు నేలనా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. చదువు రాని పల్లెల ఊసు లేదు. పేదరికం తాళలేక 1960లలో లక్షలాది మంది ఫ్రాన్స్‌కు వలసపోయారు. సంతృప్తితో పాడుకుంటూ పనిచేసే జనం అన్న బొమ్మను కూల్చడానికి ఆ ఒక్క వాస్తవం చాలు.

అలాంటప్పుడు ఈ ప్రచార మందిరాన్ని నిలబెట్టడం ఎందుకని అడగవచ్చు. 2006లో ప్రభుత్వం దాన్ని తీసేసి పోర్చుగీసు భాషా మ్యూజియం పెట్టాలనుకుంది కూడా. పౌరులు ఎదురు తిరిగారు. 2009లో మ్యూజియం మూసిన తలుపుల ముందే కూర్చుని, మిన్యులో ప్రేమికులకు కుట్టి ఇచ్చే చేతిరుమాలు తరహాలో ఒక బట్టపై కుట్టుపని చేశారు. మరుసటి ఏడాది మ్యూజియం మళ్లీ తెరుచుకుంది. నా లెక్కలో వాళ్లదే న్యాయం. అమరిక ఫెర్రోది కావచ్చు, కుండ మాత్రం కుమ్మరిది. గోడబొమ్మలను, వస్తువులను విడదీస్తే నియంతృత్వం పల్లెను ఎలా వాడుకుందో చూపే ఆధారం పోతుంది. ఉంచడమంటే మెచ్చుకోవడమే కదా అంటారా? వివరణ లేకుండా ఉంచితే నిజమే. ఆ వివరణ వస్తువులు చేసినవారి పేర్లతో మొదలవ్వాలి. బార్సెలోస్ కుమ్మరి రోజా రమాల్యు తన బొమ్మలపై సొంత పేరు పొడి అక్షరాలు వేసేది. మిగతావారికీ పేర్లున్నాయి. దొరికిన ప్రతి పేరునూ, ఆ మనిషి కూలి ఎంతో, నేల ఎవరిదో వస్తువు పక్కనే రాసిపెట్టాలి.