గుంటూరి గ్రహణము - పాలపుంత నడిబొడ్డు



హీలియమను వాయువును మన గుంటూరిలోనే కనుగొనిరని పలువురు గర్వముతో చెప్పుకొనుచుందురు. చిన్ననాట నేనును అట్లే నమ్మితిని. నిజము దానికంటె కొంచెము వేరు. నాకు మాత్రము ఆ నిజమే ఎక్కువ రుచించినది.

1868 ఆగస్టు 18, విభవ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము. ఆ ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు, బందరుల మీదుగా సాగినది. గుంటూరు అప్పటికే పత్తి బేరమునకు పేరుపడిన పట్టణము. ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెన్ పండితుడు తన దేశీయుడైన యొక వర్తకుని మేడపై దుర్భిణిని నిలిపెను. మేజరు టెనెంటు అను ఆంగ్లేయుని బృందమును ఈ యూరనే దిగినది. మద్రాసు నక్షత్రశాల యధికారి పాగ్సన్ బందరులో నుండెను. వానకాలము గదా! ఒక్క మబ్బుతునక అడ్డము వచ్చినచో సముద్రములు దాటి వచ్చిన శ్రమ యంతయు వ్యర్థమే.

అయిదు నిమిషములకు పైగా సూర్యుడు మరుగుపడెను. బింబపు టంచున ఎఱ్ఱని జ్వాలలు లేచినవి. వాని వెలుగును పట్టకముగుండ పంపి చూడగా ఏడు రంగుల పట్టీకి బదులు కొన్ని మెఱయు గీతలే కానవచ్చెను. అవి మండు వాయువులని, ముఖ్యముగ హైడ్రోజనని తేలినది. ఆ గీతల కాంతిని జూచి, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని జాన్సెనునకు తోచెను. మరునాడే చూచెను!

ఇది యెట్లు సాధ్యము? గుప్పెడు పసుపును చేనంతట చల్లినచో జాడ తెలియదు; ఒక్క చాలున పోసినచో గీతవలె కనబడును. పట్టకము ఆకాశపు వెలుగును చేనంతట చల్లును. జ్వాలల వెలుగు మాత్రము చాలులోనే నిలుచును.

లండనులో లాకియరు తనంత తానే ఈ యుపాయమును కనిపెట్టెను. ఇరువురి వార్తలును 1868 అక్టోబరు 26న పారిసు పండితసభలో చదువబడినవి. ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములను ఒకే పతకముపై ముద్రింపించినది. జ్వాలలలోని పసుపు గీత యొక క్రొత్త మూలకముదని తరువాత చెప్పినవాడు లాకియరు. 1895లో రామ్సే పండితుడు దానిని భూమిపై పట్టి చూపువరకు లోకము పూర్తిగ నమ్మలేదు. అనగా గుంటూరిలో దొరకినది చూచు దారి; పేరు తరువాత వచ్చినది.

ఇపుడట్టి చిక్కే పాలపుంత నడిబొడ్డున నున్నది. చైత్రమాసమున మిరప కల్లముల కాపలా పండుకొనువారు తెల్లవారుజామున దక్షిణమునకు చూడుడు. తేలు కొండిని దాటగనే ధనూరాశిలో పాలపుంత దట్టముగ నుండును. నడిబొడ్డు ఆ దిక్కుననే యున్నది. అచటి వెలుగు మనలను చేరుటకు సుమారు 26,000 ఏండ్లు పట్టును. అందును కంటికి కానవచ్చు వెలుగు నడుమనున్న ధూళిలో అణగిపోవును. గామా కిరణములు ఆ ధూళిని దూసికొని వచ్చును గాని, మన గాలి వానిని నేలకు రానీయదు. అందుచే 2008లో ఫెర్మీ యను దుర్భిణిని ఆకాశమునకే పంపిరి. మిక్కిలి బలముగలవి గాలిని తాకినపుడు క్షణకాలము నీలికాంతి మెఱయును. నమీబియాలోని హెస్ దుర్భిణులు ఆ మెఱుపులనుబట్టి నడిబొడ్డును పరికించినవి. ఇట్టిదే లడఖులోని హాన్లేలో 2024 అక్టోబరున ప్రారంభమైన మేస్ దుర్భిణి. 21 మీటర్ల అడ్డుకొలతగల ఆ దుర్భిణి నిర్మాణమున హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనువారి చేయి గలదు.

ఫెర్మీకి చిక్కిన గామా వెలుగు లెక్కకు మించి యున్నదని 2009 నుండియు పండితులు చెప్పుచున్నారు. కంటికి కానరాని ద్రవ్యమే దానికి కారణమని కొందఱు, మిక్కిలి వేగముగ తిరుగు మృతనక్షత్రముల గుంపు అని కొందఱు. ఎవరి మాట నిలుచునో యింకను తేలలేదు.