సంప్రదాయం ఎవరి సొత్తు?

సంప్రదాయాన్ని కాపాడాలనే మాట వినిపించినప్పుడల్లా, ఎవరి కోసమని అడగక తప్పదు. ఆల్ప్సు పర్వతాలలోని వ్రిన్ గ్రామ చరిత్ర నాకు యీ సందర్భంలో ముఖ్యంగా తోస్తున్నది.

స్విట్జర్లెండులో, గ్రౌబ్యుండెన్ కాంటనులో, లుమ్నేజియా లోయలో సుమారు 1450 మీటర్ల ఎత్తున వున్నది వ్రిన్. అక్కడి భాష రోమాన్ష్. ప్రధాన వృత్తి పశుపోషణ. 20వ శతాబ్దంలో పడుచువాళ్లు పనుల కోసం కొండ దిగిపోయారు. అలా జనం తరిగిన ఊళ్లలో స్థలాలు పట్నవాసుల విడిది ఇళ్ల పాలవుతాయి. ఇళ్లు పాత అందంతోనే నిలుస్తాయి. పొయ్యిలో నిప్పు మాత్రం వుండదు.

వ్రిన్ ప్రజలు ముందుగా పట్టించుకున్నది ఇళ్ల అందాన్ని గాదు, భూమిని. ఇళ్ల స్థలాలను ఊరే కొని వ్యాపారుల చేతికి చిక్కనివ్వలేదు. చెదిరిన కమతాలను ఏకం చేశారు. ఆ తరువాతనే కట్టడాలు వచ్చాయి.

వాటి శిల్పి గియోన్ కమినాడా 1957లో ఆ ఊళ్లోనే పుట్టి, వడ్రంగం నేర్చినవాడు. దూలాలకు మూలల్లో గాట్లు కోసి, ఒకదానిలో ఒకటి దిగవేసి గోడ లేపడం అక్కడి పాత పద్ధతి. ఆ పద్ధతిని ఆయన కొత్త అవసరాలకు వంచాడు. 1995లో ఊరందరికీ పనికివచ్చే సమావేశశాల లేచింది. తరువాత ఊరి అంచున పశువుల కొట్టాలు, కబేళా వచ్చాయి. మాంసం ఊళ్లోనే తయారైతే దాని ధరలో ఎక్కువ వాటా రైతుకే దక్కుతుంది గదా! 1998లో స్విస్ వారసత్వ సంఘం వ్రిన్‌కు వాకర్ బహుమతి యిచ్చింది.

2002లో చర్చి దగ్గర ‘స్టివా దా మోర్త్స్’ కట్టారు. ‘స్టివా’ అంటే ఇంట్లో నలుగురూ కూర్చునే గది. చనిపోయినవారిని ఇంట్లోనే వుంచే ఆచారం సాగడం కష్టమైనప్పుడు, ఆ దుఃఖానికి ఊరంతా కలిసి యిచ్చిన చావడి అది. కట్టింది కొయ్యతో, ఇళ్లలాగా. పూసింది తెల్లరంగు, చర్చిలాగా.

కట్టడాలు వలసను పూర్తిగా ఆపలేవు. 2013లో వ్రిన్ తన ప్రత్యేక పాలనను వదులుకొని లుమ్నేజియా మునిసిపాలిటీలో కలిసింది. అయినా వ్రిన్ చేసిన పని చిన్నది గాదు. వస్తువును విడిచి రూపాన్ని పూజించే విమర్శ సాహిత్యంలో ఎంత నిస్సారమో మనకు తెలుసు. వాస్తువులోనూ అంతే. శ్రమించేవాడి చేతిలో భూమి నిలిచినచోటనే పాత పనితనం కొత్త కట్టడానికి జన్మనిస్తుంది. అది చేజారినచోట సంప్రదాయం యాత్రికుడి ఛాయాచిత్రంగా మాత్రమే మిగులుతుంది.