గాలి మోపిన బరువు

రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతముల తెలుగువారి చరిత్ర వ్రాయువారు చిన్నబొమ్మనాయకుని కాలమును, సేద్యమును, మగ్గమును తప్పక పేర్కొందురు. తమిళనాట స్థిరపడిన మనవారు యంత్రవిద్యలో చూపిన ప్రజ్ఞను మాత్రము అరుదుగా తలతురు. అందొక అధ్యాయమగు పందెపు కార్ల కథను ఇచట విన్నవింపదలచితిమి.

పందెపు కారునకు అసలు పరీక్ష మలుపున గలదు. చక్రములు నేలను గట్టిగా పట్టినగాని అది వడిగా తిరుగజాలదు. పట్టునకు బరువు కావలెను; కాని ఇనుపబరువు పరుగును మందగింపజేయును, మలుపున కారును వెలుపలికి లాగును. అందుచే ఇంజనీర్లు గాలినే బరువుగా మోపిరి. ఇంగ్లీషున దీనిని డౌన్‌ఫోర్స్ అందురు.

గాలివానకు రేకుల కప్పు లేచిపోవుట మనమెరిగినదే. కప్పుపై గాలి వడిగా పారుటచే అచట ఒత్తిడి తగ్గి, లోపలి గాలి దానిని పైకి నెట్టును. విమానపు రెక్కపైనను గాలి వడిగా పారి ఒత్తిడి తగ్గును. ఆ రెక్కను తలక్రిందులుగా బిగించినచో కారును నేలకు అదుమును. వేగము రెట్టింపైనచో ఆ బలము నాలుగు రెట్లగును.

1956లో స్విట్జర్లాండు ఇంజనీరు మైకేల్ మే తన పోర్షే కారుపై రెక్క నిలిపెను. అధికారులు దానిని పందెమున అనుమతింపలేదు. 1968లో రెక్కలు ఫార్ములా వన్ పందెములలో ప్రవేశించెను. మరు సంవత్సరము స్పెయిను పందెమున రెండు లోటస్ కార్ల రెక్కలు విరిగి ప్రమాదములు జరుగగా, ఎత్తైన రెక్కలు నిషేధింపబడెను. 1977లో లోటస్ వారు కారు అడుగుభాగమునే మలచిరి. ఇరుకు కాలువలో నీరువలె, కారునకును నేలకును నడుమ గాలి వడిగా పారి ఒత్తిడి తగ్గగా, కారు నేలకు హత్తుకొనెను. 1978లో మారియో ఆండ్రెట్టి అట్టి కారుతోనే జగజ్జేత యయ్యెను.

మన సీమలో ఈ పందెములు తొలుత చెన్నపట్నము చెంత షోళవరపు పాత విమానమైదానమున జరిగెను. 1990లో శ్రీపెరుంబుదూరు వద్ద, వేలూరునుండి చెన్నపట్నము పోవు దారిలో, ప్రత్యేక పథము వెలసెను. కోయంబత్తూరు లక్ష్మీ మిల్సు నాయుడుగారి వంశీయుడు సుందరం కరివర్ధన్ 1980ల చివర ఫార్ములా మారుతి కారును రూపొందించెను. విదేశపు కారు కొనజాలని యువకులకు అది పాఠశాల యయ్యెను. దాని ఇంజను మారుతి 800 వాహనపు చిన్న ఇంజనే. రెక్క నేలపట్టు నిచ్చునుగాని గాలికి అడ్డుపడును. చిన్న ఇంజనునకు ఆ అడ్డు పెద్ద భారము. కావున ఇట్టి కార్లకు సన్నని శరీరమే ముఖ్యాలంకారము. కరివర్ధన్ 1995లో విమానప్రమాదమున మరణించెను. ఫార్ములా మారుతితో పందెములు ప్రారంభించిన కోయంబత్తూరు యువకుడు నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ నెక్కిన తొలి భారతీయుడయ్యెను. నేడు వేలూరు వి.ఐ.టి. విద్యార్థులును ఫార్ములా స్టూడెంట్ పోటీలకు స్వయముగా కార్లు నిర్మించుచున్నారు.

ఇంట తెలుగు పలికియు తెలుగు చదువనేరని పిల్లలు మనలో పెరుగుచున్నారు. వారికి నాయకరాజుల కథలతోపాటు లేతు పట్టిన చేతుల కథయు అందవలెను. ప్రతి కుటుంబమును మిల్లులలో, వర్క్‌షాపులలో పనిచేసిన తమ పెద్దల పేర్లను, సంవత్సరములను, పనితనమును వ్రాసి భద్రపరుపవలెనని ప్రార్థించుచున్నాము. గాలి కంటికి కానరాదు. దాని బలమును లెక్కించినవారే దానిని వినియోగించుకొనిరి. మన పూర్వుల శ్రమయు లెక్కకెక్కిననే ముందు తరములకు ఉపకరించును.