కాండిడా ఆల్బికన్స్: ఒక పునరుక్తి కథ

పునరుక్తి దోషమని మన ఆలంకారికులు చెబుతారు. శాస్త్రజ్ఞుల నామకరణంలో మాత్రం అది చెల్లిపోయింది. లాటిన్‌లో 'కాండిడా' అంటే ధవళమైనది; 'ఆల్బికన్స్' అంటే తెల్లబడుతున్నది. పసిబిడ్డల నాలుకపై పెరుగు తరకలవలె కనిపించే పూతకు కారణమైన శిలీంధ్రం పేరిది.

ఆ పూతను ప్రాచీన గ్రీకు వైద్యులే ఎరుగుదురు. 1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ ఒక జ్వరపీడితుని నోటిపూతలో ఈ శిలీంధ్రాన్ని చూచి, జ్వరానికే అది హేతువని భ్రమించాడు. 1853లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షార్ల్ రోబిన్ 'ఆల్బికన్స్' అన్నాడు. 1923లో డచ్చి విదుషి క్రిస్టీన్ బెర్ఖౌట్ 'కాండిడా' అనే ప్రజాతిని ఏర్పరచింది. పునరుక్తికి కర్తలు ఇద్దరన్నమాట!

ఇంతకూ ఇది దండెత్తి వచ్చే శత్రువా? కాదు. ఆరోగ్యవంతులెందరి నోటిలోనో, ప్రేవులలోనో నివసించేదే. ఇరుగుపొరుగు బ్యాక్టీరియా, శరీరపు రక్షణవ్యవస్థ దానిని అదుపులో ఉంచుతాయి. ఆ రక్షకకణాలు ఇతర శిలీంధ్రాలను ఎదుర్కొనే విద్యను కొంత దీనివల్లనే నేరుస్తాయని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఈ పొరుగు ధర్మం యాంటీబయాటిక్‌ల రాకతో బయటపడింది. 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థనుండి ఆరియోమైసిన్ వెలువడింది. కనుగొన్నవాడు డగ్గర్; అక్కడి పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇటువంటి మందులు ప్రాణాలు నిలిపాయి. కాని రోగకారక క్రిములతోపాటు కావలి కాచే బ్యాక్టీరియానూ హతమార్చడంతో కొందరిలో కాండిడా విజృంభించింది.

విరుగుడు ఇద్దరు స్త్రీలు కనుగొన్నారు. సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ హేజన్ న్యూయార్కు నగరంలో, రసాయనశాస్త్రజ్ఞురాలు రేచెల్ బ్రౌన్ ఆల్బనీలో ఉండి, నమూనాలను టపాలో పంపుకొంటూ శ్రమించారు. వర్జీనియాలోని ఒక పాడిక్షేత్రపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి సాధించిన ఆ ఔషధాన్ని 1950లో ప్రకటించారు. న్యూయార్కు రాష్ట్రం పేరిట అది 'నిస్టాటిన్' అయింది. దానిపై వచ్చిన కోటి ముప్పై లక్షల డాలర్లకు పైబడిన రాయల్టీని వారు విజ్ఞానపరిశోధనకే ధారపోశారు. 1953లో మరొక శిలీంధ్రానికి 'సుబ్బారోమైసిస్' అని సుబ్బారావుగారి పేరు పెట్టడం విశేషం.

1981లో అమెరికాలో ఎయిడ్స్‌ గురించిన తొలి నివేదికలోని రోగులు ఐదుగురు. ఆ ఐదుగురిలోనూ కాండిడా కనిపించింది. లాంగెన్‌బెక్ తారుమారుగా చదివిన సాక్ష్యమిదే: పూత జ్వరానికి కారణం కాదు, శరీరంలో కాపలా సడలిందనడానికి గుర్తు.

జలుబుకు సైతం మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ మింగే అలవాటు మనలో ఇంకా పోలేదు. జలుబుకు కారణం వైరస్. ఆ మందు దానిని తాకనైనా తాకదు. చచ్చేది మనలోని కావలివారే.