పిడికిలియు నమస్కారమును

మొయినాబాదు చెంతనున్న చిలుకూరు బాలాజీని చేవెళ్ల సీమవారెల్లరు నెఱుగుదురు. ఆ వేంకటేశ్వరుని పాత్రను 1997లో వెలువడిన ‘అన్నమయ్య’ చలనచిత్రమున ధరించినవాడు సుమన్. అతడు తొలుత కరాటే నభ్యసించిన వీరుడు.

సుమన్ 1959లో మద్రాసునందు జన్మించెను, మాతృభాష తుళు. కరాటే జపానుకు చెందిన ఒకినావా దీవిలో పెంపొందిన విద్య. ఆయుధము లేక కాలుసేతులతోనే ఆత్మరక్షణ చేసికొనుట దాని సారము. 1973లో బ్రూస్ లీ నటించిన ‘ఎంటర్ ది డ్రాగన్’ వెలువడిన పిదప నిట్టి విద్యలపై లోకమెల్లెడల యువకులకు మక్కువ హెచ్చెను. సుమన్ 1979లో తమిళ చిత్రసీమను బ్రవేశించి, 1982లో ‘తరంగిణి’తో తెలుగువారికి బరిచితుడయ్యెను. పోరాట ఘట్టము లతనికి బేరు తెచ్చినవి.

స్వామి పాత్రకు పిడికిలితో బనిలేదు. నిలుకడయు, శాంతమైన చూపును వలయును. దేహమును వశపఱచుకొన్నవానికి నిలుకడ యలవడుట సహజము. 2006లో ‘శ్రీరామదాసు’నందు శ్రీరాముడుగను నతడే కనిపించెను.

పోరాట చిత్రములు పిల్లలను జెఱచునని పెద్దలు వెఱతురు. ఆ వెఱపు నిర్హేతుకము కాదు. కాని మన తాలీమున మల్లుడు మట్టికి మ్రొక్కి బరిలో దిగునట్లే, కరాటే శిక్షయు నమస్కారముతో మొదలై నమస్కారముతోనే ముగియును. మీ మనుమడు ఆ విద్య నేర్తుననిన, పిడికిలిని జూచి భయపడకుడు; గురువునకు వంగుచున్నాడా యని చూడుడు.